జంజీర్ నుంచి తుఫాన్ దాకా: ఆ రీమేక్ ఎక్కడ దెబ్బతింది?

కోటిపల్లి రేవు · శనివారం రాత్రి 9:20

ఈ వారం ‘జంజీర్’ (1973) ఒకరోజు, ‘తుఫాన్’ (2013) మర్నాడు చూశాను. వెంటవెంటనే చూస్తే గానీ ఆ రీమేక్ ఎక్కడ దెబ్బతిందో తెలియలేదు. ఇన్నాళ్ళూ దాని మీద విన్న మాటలన్నీ హీరో చుట్టూనే తిరిగాయి. అమితాబ్ కళ్ళల్లో మంట రామ్ చరణ్ కళ్ళల్లో లేదన్నారు, పోలీస్ స్టేషన్లో హీరో కుర్చీ తన్నే సీను తేలిపోయిందన్నారు. నాకు ఆ మాటలు అన్యాయంగా అనిపిస్తున్నాయి. చరణ్ ఎక్కడా ఒళ్ళు దాచుకోలేదు. దెబ్బ తగిలింది మాల పాత్ర దగ్గర.

పాతదాంట్లో మాల బొంబాయి వీధుల్లో కత్తులకీ చాకులకీ సాన పట్టుకుని బతికే పిల్ల. నా అన్నవాళ్ళు లేరు. విలన్ తేజా ముఠా బండి చిన్నపిల్లల్ని తొక్కేసి పోవడం కళ్ళారా చూస్తుంది. నోరు మూసుకోమని వాళ్ళు డబ్బిస్తే తీసుకుంటుంది. ఇన్‌స్పెక్టర్ విజయ్ అడిగితే నాకేం తెలీదు అంటుంది. అతను ఆమెని శవాల గదికి తీసుకెళ్ళి ఆ పిల్లల్ని చూపిస్తాడు. ఆ గదిలోంచి బయటికి వచ్చిన మాల వేరే మనిషి. నిజం చెప్తుంది, ముఠా వెంటపడుతుంది, దాక్కోడానికి చోటు లేక ఆ పోలీసు ఇంటి తలుపే కొడుతుంది.

వాళ్ళ ప్రేమ అక్కడి నుంచి మొదలవుతుంది. ఆ నేరం జరక్కపోతే ఈ ఇద్దరూ ఒకరికొకరు ఎదురుపడే దారే లేదు. పైగా ఆ నేరంలో ఆమెకీ కాస్త వాటా ఉంది, డబ్బు తీసుకుంది కాబట్టి. తన తప్పు తెలిసిన పిల్ల, నిద్ర పట్టని పోలీసు. ప్రేమకథకి ఇంతకన్నా గట్టి పునాది ఏముంటుంది?

2013లో మాల న్యూయార్క్ నుంచి ఫేస్‌బుక్ స్నేహితురాలి పెళ్ళికి ముంబై వచ్చిన అమ్మాయి. హత్య చూస్తుంది, సాక్షి అవుతుంది. అంతే. తనకి పోయేది ఏముంది? విమానం ఎక్కేస్తే సరి. అలాంటప్పుడు ఆమె అతని ఇంట్లో ఉన్నా, అతన్ని ప్రేమించినా, మనకి పట్టదు. సినిమా మొత్తం అక్కడే చల్లబడిపోయింది. మీరంతా ఏమంటారు?

రీలుపెట్టె · శనివారం రాత్రి 10:05

రేవు గారూ, మీరు మధ్యలో ఒక మెట్టు వదిలేశారు. 1974లో మన ఎన్టీ రామారావు గారితో ఎస్.డి. లాల్ తీసిన ‘నిప్పులాంటి మనిషి’. అదీ ‘జంజీర్’ రీమేకే. అదే ఏడు తమిళంలో ఎంజీఆర్ చేశారు. రెండింట్లోనూ కథానాయిక లతే.

నేను పాలకొల్లు వైపు హాళ్ళలో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేసినవాణ్ణి. ఆ సినిమా మా దగ్గరికి వచ్చేసరికి ప్రింటు మీద గీతలు పడిపోయి ఉండేవి. పెద్ద ఊళ్ళలో ఆడి ఆడి, ఆఖరికి మా సి సెంటర్లకి బస్సు టాపు మీద రేకుపెట్టెల్లో వచ్చేది. కార్బన్ కడ్డీలు వెలిగించి ఆడించే మిషను. ఎనిమిదో రీలు వేసేటప్పుడు తొమ్మిదోది రెండో మిషన్ మీద ఎక్కించి చుక్క కోసం కాచుకుని కూర్చోవాలి, తెర మూలన గుండ్రటి మచ్చ కనబడగానే మార్చెయ్యాలి. సత్యనారాయణ గారు పఠాన్ వేషంలో ‘స్నేహమే నా జీవితం’ అందుకున్నారంటే మటుకు నేల టికెట్టు జనం ఈలలకి నాకు మిషను చప్పుడు వినబడేది కాదు. చిల్లర తెర మీద పడేది. పాట మళ్ళీ వెయ్యమని గోల చేస్తే రీలు వెనక్కి చుట్టి వేసిన రాత్రులు కూడా ఉన్నాయి.

నే చెప్పొచ్చేదేంటంటే, రీమేక్ అన్నంత మాత్రాన చెడ్డది కాదు. రామారావు గారికి అప్పటికి యాభై దాటాయి. అమితాబ్‌కి ముప్ఫై ఏళ్ళు. మనిషి వేరు, వయసు వేరు, ఊరు వేరు. అయినా లాల్ గారు కథ ఎముకల జోలికి పోలేదు, మన జనానికి కావాల్సిన కండ పట్టించారు. నలభై ఏళ్ళ తర్వాత వచ్చినాయన కండ ఉంచి ఎముకలు తీసేశాడు.

మొగల్తూరు మెగా · శనివారం రాత్రి 10:40

పెద్దలందరికీ నమస్కారం. ఈ సినిమా గురించి ఎవరు మాట్లాడినా మా హీరోనే అంటారని భయపడుతూ తెరిచాను. రేవు అన్న చరణ్‌ని తప్పుపట్టకపోవడం సంతోషం.

అయితే ఆ సినిమా వచ్చిన రోజులు కూడా గుర్తు పెట్టుకోవాలి. 2013 సెప్టెంబరు 6. సమైక్యాంధ్ర ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. మా వైపు బంద్‌లు, రాస్తారోకోలు, ఆఫీసులకి తాళాలు. చిరంజీవి గారు అప్పుడు కేంద్ర మంత్రి, అందుకని మెగా కుటుంబం సినిమాలు ఆడనివ్వం అన్నవాళ్ళు ఊరూరా ఉన్నారు. పోలీసులు కాపలా ఉంటే గానీ పోస్టరు అతికించలేని పరిస్థితి. అభిమానులం మేమే భయపడుతూ వెళ్ళాం హాలుకి. ఆ వేడిలో ఏ సినిమాకైనా న్యాయం జరుగుతుందా?

ఇంకో మాట. హీరో స్నేహితుడైన పఠాన్ షేర్ ఖాన్‌గా తెలుగులో శ్రీహరి గారు చేశారు, హిందీలో సంజయ్ దత్. సినిమా విడుదలైన నెలకే, అక్టోబరు 9న, శ్రీహరి గారు పోయారు. ఆ పఠాన్ వేషంలో ఆయన నడక, ఆ గొంతు, చరణ్ భుజం మీద చెయ్యి వేసే తీరు చూడండి. ఆయన ఉన్నంతసేపూ సినిమా నిలబడింది. దాన్ని కూడా కొట్టిపారేస్తే నేను ఒప్పుకోను.

కోటిపల్లి రేవు · శనివారం రాత్రి 11:10

తమ్ముడూ, శ్రీహరి గారి విషయంలో నీతో నూటికి నూరు పాళ్ళూ ఏకీభవిస్తాను. ఆయనా చరణూ ఉన్న సీన్లు విడిగా తీసి చూస్తే అది వేరే సినిమా.

ఉద్యమం మాట మాత్రం నిలవదు. అదే నెల 27న ‘అత్తారింటికి దారేది’ వచ్చింది. అదే ఉద్యమం, అదే మెగా కుటుంబం. పైపెచ్చు సినిమాలో పెద్ద భాగం విడుదలకి ముందే ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. అయినా జనం ఎగబడి చూశారు. మనసుకి పట్టిన సినిమాని ఆపడం ఎవరి తరమూ కాదు.

వేదిక నిర్వాహకుడు · ఆదివారం ఉదయం 7:15

చర్చ బాగుంది. వసూళ్ళ పోలికలు, ఒక హీరోని తగ్గించి ఇంకో హీరోని ఎత్తడం ఇక్కడ వద్దు. రాత్రి వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. కథ గురించి, పాత్రల గురించి ఎంతైనా రాయండి.

రమ రావులపాలెం · ఆదివారం ఉదయం 9:30

రేవు గారూ, మాల గురించి మీరు రాసింది చదివి ఆగలేకపోయాను.

మా వీధికి అరటి గెలలు కోసే కత్తులకీ, కత్తిపీటలకీ సాన పట్టడానికి ఒక జంట వచ్చేవారు. ఆయన సైకిల్ స్టాండు వేసి సీటు మీద కూర్చుని తొక్కితే ముందున్న రాతిచక్రం తిరిగేది. పట్టేది మాత్రం ఆవిడే. కత్తి అంచుని రాయికి ఏటవాలుగా ఆనించి, మడమ నుంచి కొన దాకా ఒకే ఒరవడిలో లాగేది. ఎక్కువ నొక్కితే ఉక్కు నీలం తిరుగుతుంది, పదును నిలవదు. తక్కువ నొక్కితే రాయి జారిపోతుంది. రవ్వలు ఆవిడ మణికట్టు మీద పడుతూనే ఉండేవి, చెయ్యి తీసేది కాదు. ఆఖర్న బొటనవేలి గోరు మీద కత్తి ఆనించి చూసేది. గోరు మీద జారితే ఇంకో రెండు చుట్లు, పట్టుకుంటే ఇచ్చేసేది. డబ్బుల దగ్గర మా నానమ్మతో పెద్ద రాద్ధాంతం అయ్యేది, పావలా తగ్గించమంటే ఊరుకునేది కాదు.

జయభాదురి ‘జంజీర్’లో చాకులకి సాన పట్టించుకోండంటూ ఆశా భోంస్లే గొంతుతో వీధిలో పాడుకుంటూ వస్తుంటే నాకు ఆవిడే కనిపిస్తుంది. రోజు గడవాలంటే నోరుండాలి. బేరం తెలిసిన పిల్ల కాబట్టే ముఠా వాళ్ళ డబ్బు కూడా బేరంగానే తీసుకుంది. ఆమె ఆ డబ్బు తీసుకోవడం మనకి అసహ్యం వెయ్యదు, భయం వేస్తుంది. ఆకలి తెలిసిన ఎవరైనా అలాగే చేస్తారేమోనని. తర్వాత శవాల గది సీను వస్తే మాలతో పాటు మనకీ సిగ్గేస్తుంది.

కొత్తదాంట్లో మాలకి చేతిలో పనేమీ లేదు. ప్రియాంక చోప్రా ఎంత మంచి నటో మనందరికీ తెలుసు, ఆవిడకి ఇచ్చిందేమో పెళ్ళి సందడి, మాస్ పాట, ఆ తర్వాత హీరో ఇంట్లో అల్లరి. డబ్బున్న అమ్మాయి భయపడితే జాలిపడతాం. అంతకు మించి ఆమెతో మనకి సంబంధం కలవదు. ఆడపిల్ల పాత్రకి ఉన్న పని తీసేస్తే ఆమెకున్న మాట కూడా పోతుందని సినిమా తీసేవాళ్ళు ఎప్పుడు గ్రహిస్తారో.

బెంచి గుమాస్తా · ఆదివారం మధ్యాహ్నం 12:50

కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరైనవాణ్ణి. రమ గారు భయం అన్న మాట దగ్గర నాకు తెలిసిన సంగతి చెబుతాను.

రోడ్డు ప్రమాదం కేసుల్లో సాక్షి అడ్డం తిరగడం మా కళ్ళముందు రోజూ జరిగేదే. ఇసుక లారీ గట్టు రోడ్డు మీద ఎవరినో గుద్దేస్తుంది. చూసినవాడు టీకొట్టు అబ్బాయో, పచ్చగడ్డి మోపుతో పోతున్న ఆడమనిషో అయి ఉంటారు. పోలీసులు నేర విచారణ స్మృతి 161 సెక్షను కింద (2024 జూలై దాకా అదే) వాంగ్మూలం రాసుకునేవాళ్ళు. దాని మీద సాక్షి సంతకం ఉండదు, చట్టమే పెట్టించకూడదంటుంది. ఏడాదో రెండేళ్ళో గడిచి కేసు బెంచి మీదకి వచ్చేసరికి ఆ మనిషి బోనులో నిలబడి, నేను చూడలేదండి, చప్పుడు విని పరిగెత్తాను అంటాడు. ప్రాసిక్యూటరు లేచి ఈ సాక్షి ప్రతికూలంగా మారాడని రాయమంటాడు. నేను రాసేవాణ్ణి. ఆ మనిషి నా వంక చూసేవాడు కాదు.

‘జంజీర్’ వచ్చేనాటికి 1898 నాటి నేర విచారణ స్మృతే నడుస్తోంది, కొత్త స్మృతి 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. 161 మాత్రం రెండింట్లోనూ 161యే. సాక్షికి రక్షణ అనే మాట అప్పటికి ఎక్కడా లేదు. సాక్షుల రక్షణ పథకానికి సుప్రీంకోర్టు ఆమోదం ఇచ్చి దేశమంతా పాటించాలన్నది 2018 డిసెంబరులో. అంటే సలీం, జావేద్ ఆ కథ రాసిన రోజుల్లో నిజం చెప్పిన సాక్షికి దిక్కు, దయగల పోలీసు ఇల్లు తప్ప ఇంకోటి లేదు. మాల విజయ్ ఇంటికి పరిగెత్తడం సినిమా కల్పన అనిపించదు నాకు. అప్పటి చట్టంలో ఉన్న ఖాళీలోంచే వాళ్ళు ఆ ప్రేమకథని బయటికి తీశారు.

2013 నాటికి కూడా పథకం రాలేదు గదా, అదే అవకాశం ఈ దర్శకుడికీ ఉంది. ఊళ్ళో తెలిసినవాళ్ళు లేని విదేశీ సాక్షి అనుకున్నా, పాస్‌పోర్టు కోర్టులో పెట్టుకుని విచారణ అయ్యేదాకా కదలొద్దంటే ఆమె గతేంటి? వాయిదాల మీద వాయిదాలు పడుతుంటే ఆమె ఏమైపోతుంది? ఆ ఒక్కటి పట్టుకున్నా కొత్త సినిమా అయ్యేది.

తాటిపాక కుర్రాడు · ఆదివారం సాయంత్రం 4:15

గుమాస్తా గారు చట్టం చెప్పారు, నేను నూనె గురించి చెప్తాను. కొత్తదాంట్లో తేజా ఆయిల్ మాఫియా నాయకుడు, ప్రకాష్ రాజ్ చేశారు. ఆ ఆలోచన వచ్చిన చోటు మంచిదే. మహారాష్ట్రలో మాలేగావ్ అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనావణేని 2011 జనవరి 25న మన్మాడ్ దగ్గర కిరోసిన్ కల్తీ ముఠా ఒంటికి నిప్పంటించి చంపేసింది. పట్టపగలు. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

మా ఊళ్ళ మీద నూనె, గ్యాస్ నీడ ఎప్పుడూ ఉంటుంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి రెండు నెలల పైన మండింది, రాత్రిళ్ళు కూడా పగల్లా ఉండేదని మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు నిలబడినచోటే మాడిపోయాయి. అందుకే మా వాళ్ళకి తెర మీద ట్యాంకరు కనిపిస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

‘తుఫాన్’ చూస్తే మాత్రం ఏమీ అనిపించదు. కల్తీ ఎందుకు జరుగుతుందో ఒక్క ముక్క చెప్పరు. రేషన్ కిరోసిన్‌కి ప్రభుత్వం రాయితీ ఇచ్చేది కాబట్టి డీజిల్ కన్నా బాగా చవక. ఆ తేడాలోనే ముఠాలకి కోట్లు. అది రేషన్ సరుకని తెలియడానికి నీలం రంగు కలిపేవాళ్ళు, వీళ్ళు ఆ రంగు పోగొట్టే దారులు వెతికేవాళ్ళు. కల్తీ డీజిల్ పోయించుకున్న ఆటోవాడి ఇంజను పాడవుతుంది, దీపం నూనె దొరక్క పల్లెలో ముసలమ్మ చీకట్లో కూర్చుంటుంది. ఆ ఇద్దర్లో ఒక్కరినైనా చూపించారా? ప్రకాష్ రాజ్ గారి పడకగది, ఈత కొలను మాత్రం తెగ చూపించారు.

సోనావణే ఘటన తీసుకుని దాన్ని ఒక పోరాట సన్నివేశానికి సరిపెట్టేశారు. ఇదే నాకు కోపం.

నర్సాపురం హార్మోనియం · ఆదివారం రాత్రి 8:00

కుర్రాడు చెప్పినదానికి జోడింపు. పాత కథలో నష్టపోయిన మనిషిని చూపించే పని చేసింది డిసిల్వా పాత్ర, ఓం ప్రకాష్ వేశారు. తేజా ముఠా కల్తీ సారా తాగిన కొడుకుల్ని పోగొట్టుకున్న తండ్రి. పోలీసులకి ఫోన్లు చేసి ముఠా ఆనవాళ్ళు చెప్తుంటాడు. విలన్ ఎంత దుర్మార్గుడో చెప్పడానికి సలీం, జావేద్ విలన్ని చూపించలేదు, ఈ ముసలాయన్ని చూపించారు. మిథైల్ ఆల్కహాల్ కలిసిన సారా ముందు కళ్ళు తీసి, తర్వాత ప్రాణం తీస్తుంది. లంక గ్రామాల్లో నాటుసారా కాచే రోజుల్లో అలా చూపు పోయినవాళ్ళని మా తరం ఎరుగుదుం. అందుకే ఆ డిసిల్వా హిందీ వాడైనా మన వాడిలాగే అనిపించాడు.

ఇక పాటలు. ‘జంజీర్’లో హీరోకి పాట లేదు. సినిమా అంతా చూడండి, అమితాబ్ పెదవి కదపడు. అందుకే కొందరు పెద్ద హీరోలు ఈ వేషం వద్దన్నారని చెప్పుకుంటారు. ప్రేమపాట ఉంది గానీ అది ప్రేమికులు పాడరు. ‘దీవానే హై దీవానోం కో’ రఫీ, లతా మంగేష్కర్ పాడింది. వీధిలో హార్మోనియం మెళ్ళో వేసుకున్నాయన ఒక ఆడమనిషితో కలిసి పాడుతుంటాడు. ఆ హార్మోనియం ఆయన ఆ పాట రాసిన గుల్షన్ బావ్రానే. విజయ్, మాల చూపులు కలుపుకుంటారు, అంతే. వాళ్ళ మనసులో మాట దారినపోయేవాళ్ళు పాడేస్తున్నారు. నోరు తెరిచి ప్రేమ చెప్పుకోలేని మనుషులకి అంతకన్నా అందమైన ప్రేమపాట ఎలా కడతారు? కళ్యాణ్‌జీ ఆనంద్‌జీ ఆ వరస కట్టినప్పుడు ఆ పాటలో పేదరికం ఉంచారు, డోలక్కు, హార్మోనియం, చప్పట్లు. నేను ఇంట్లో వాయిస్తుంటే ఇప్పటికీ పిల్లలు వచ్చి కూర్చుంటారు.

ప్రాణ్ మీద మన్నాడే పాడిన ‘యారీ హై ఈమాన్ మేరా’ కూడా అంతే. విజయ్ దిగులుగా కూర్చుంటే నవ్వించడానికి షేర్ ఖాన్ పాడతాడు. కథలో ఆ పాట చెయ్యాల్సిన పని ఒకటుంది, చేసింది. కొత్తదాంట్లో పాట వస్తే కథ ఆగి నిలబడుతుంది, పాట అయ్యాక మళ్ళీ కదులుతుంది. ఒక్క వరస కూడా నాకు గుర్తులేదు, వినక కాదు, నిలవలేదు.

మొగల్తూరు మెగా · ఆదివారం రాత్రి 9:25

పాటల విషయంలో మాష్టారికి ఎదురు చెప్పలేను. కానీ ఒక ప్రశ్న. ‘జంజీర్’ అంతటి సినిమాని మళ్ళీ తియ్యడమే తప్పంటారా? 2012లో ‘అగ్నిపథ్’ తీశారు కదా, 1990 నాటి అమితాబ్ సినిమానే. బాగా ఆడింది, విమర్శకులూ మెచ్చుకున్నారు.

కోటిపల్లి రేవు · ఆదివారం రాత్రి 10:00

మంచి ప్రశ్న వేశావు తమ్ముడూ. ‘అగ్నిపథ్’లో కరణ్ మల్హోత్రా చాలా మార్చాడు. మిథున్ చేసిన కృష్ణన్ అయ్యర్ పాత్రనే ఎత్తేశాడు. ఋషి కపూర్‌తో కొత్త విలన్ని పుట్టించాడు. అయినా మాండ్వా అనే ఊరూ, తండ్రిని ఊరంతా కలిసి చంపుతుంటే చూసిన పిల్లవాడి గాయమూ కదపలేదు. హృతిక్ అమితాబ్ గొంతుని అనుకరించనూ లేదు. దేన్ని ముట్టుకోవచ్చో దేన్ని ముట్టుకోకూడదో తెలిసినవాడు తీశాడు.

‘జంజీర్’లో ముట్టుకోకూడనిది కుర్చీ సీను అనుకున్నారు వీళ్ళు. విజయ్ అమ్మానాన్నల్ని చంపినవాడి చేతికున్న తెల్లగుర్రం గొలుసు అనుకున్నారు. పేర్లు, డైలాగులు పదిలంగా దాచారు, తేజా, మోనా, షేర్ ఖాన్. జనం చప్పట్లు కొట్టిన చోట్లన్నీ గుర్తుపెట్టుకుని, జనం ఊపిరి బిగబట్టిన చోటు మర్చిపోయారు. శవాల గది పోయింది, దాంతో మాల పోయింది, దాంతో ప్రేమ పోయింది. ఆ తర్వాత విజయ్ ఎవరి కోసం ఆగాలి, ఎవరి కోసం మళ్ళీ బయల్దేరాలి?

ఇంకో విషయం కూడా బాధ పెడుతుంది. కొత్త సినిమా నిర్మాతల్లో ‘జంజీర్’ తీసిన ప్రకాష్ మెహ్రా గారి అబ్బాయి అమిత్ మెహ్రా ఉన్నారు. సలీం, జావేద్ తమ కథ హక్కుల కోసం విడుదలకి ముందు బొంబాయి హైకోర్టుకి వెళ్ళాల్సి వచ్చింది. ఆ కథకి ప్రాణం పోసిన ఇద్దరూ బతికే ఉన్నారు. వాళ్ళని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని, అయ్యా, ఈ కాలానికి మాల ఎవరు అని అడిగి ఉంటే ఎంత బాగుండేది.

అమలాపురం అబ్బాయి · సోమవారం రాత్రి 11:30

డిగ్రీ చదువుతున్నాను. నేను ‘తుఫాన్’ చిన్నప్పుడు చూశాను, నచ్చింది కూడా. ఈ చర్చ చదివి నిన్న రాత్రి ‘జంజీర్’ పెట్టుకుని చూశాను. మీరంతా చెప్పిన శవాల గది సీను దగ్గర పాజ్ చేసి కాసేపు బయటికి వెళ్ళి వచ్చాను.

కానీ ఒక్కచోట పెద్దలతో ఏకీభవించలేకపోతున్నాను. పాతదాంట్లో కూడా మాల రెండో సగంలో తగ్గిపోయింది. సాన పట్టే పిల్ల, బేరమాడే పిల్ల, నోరున్న పిల్ల. విజయ్ ఇంటికి వచ్చాక అణిగిపోయి, పద్ధతులు నేర్చుకుని, ఇల్లు సర్దుకుంటూ ఉండిపోతుంది. విజయ్‌ని అన్యాయంగా లంచం కేసులో ఇరికించి ఆరు నెలలు జైల్లో పెడతారు. తిరిగొచ్చాక మాల అతని దగ్గర మాట తీసుకుంటుంది, ఇక పగ జోలికి వెళ్ళొద్దని. అతను సరే అంటాడు. మామూలు సినిమా కథానాయిక చేసే పనే కదా అది? రెండు సినిమాల్లోనూ మాలకి అన్యాయం జరిగింది, ఒకదాంట్లో మొదట్లోనే, ఇంకోదాంట్లో సగం తర్వాత. నాకు అలా అనిపించింది.

రమ రావులపాలెం · మంగళవారం ఉదయం 6:50

అబ్బాయీ, బాగా చూశావు. వీధిలోంచి ఇంట్లోకి వచ్చాక ఆమె చేతిలో సానరాయి లేకపోవడం నాకూ నచ్చలేదు. 1973లో అలాగే రాసేవారు అని సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

అయితే ఆ మాట తీసుకున్న చోటు నుంచి ఇంకాస్త ముందుకి రా. విజయ్ మాట ఇచ్చాక నవ్వడం మానేస్తాడు. తింటాడు, కూర్చుంటాడు, మనిషి ఉండడు. షేర్ ఖాన్ పాట పాడి ఆడితే కాస్త పెదవి కదుపుతాడు. అదంతా చూసి ఆ మాటని వెనక్కి తీసుకునేది ఎవరు? మాలే. వెళ్ళు, నీ పని చేసుకురా అంటుంది. తనకి నిజం చెప్పే ధైర్యం ఇచ్చిన మనిషిని తన ప్రేమే నోరు నొక్కుతోందని ఆమెకి తెలిసింది. ఒకప్పుడు డబ్బు తీసుకుని మౌనంగా ఉన్న పిల్ల ఇంకొకరి మౌనాన్ని భరించలేకపోయింది. మాట తీసుకోవడం మామూలు కథానాయిక పనే, ఒప్పుకుంటాను. తీసుకున్న మాట తిరిగి ఇచ్చెయ్యడం మాత్రం మాల ఒక్కతే చెయ్యగలదు, ఎందుకంటే ఆమె ఆ గదిలో పిల్లల్ని చూసింది.

బెంచి గుమాస్తా · మంగళవారం ఉదయం 10:10

రమ గారు చెప్పింది నిజం. అబ్బాయి చెప్పిందీ నిజం. ఎవరైనా మూడోసారి తీస్తే మాలని ఇంట్లో కూర్చోబెట్టకుండా కోర్టు బోను దాకా తీసుకెళ్ళాలి. రెండు సినిమాల్లోనూ ఆమె న్యాయమూర్తి ఎదుట నిలబడి చెప్పే సీను లేదు. సినిమావాళ్ళకి తీరుబడి లేకపోయినా కోర్టుకి ఆ సీను కావాలి.

రీలుపెట్టె · మంగళవారం మధ్యాహ్నం 1:35

గుమాస్తా గారూ, ఆ మూడోది మన గోదావరి జిల్లాల్లోనే తియ్యొచ్చు. ఇసుక లారీ ఉంది, గట్టు రోడ్డుంది, సైకిల్ మీద సానరాయి ఇంకా తిరుగుతూనే ఉంది. అబ్బాయీ, నువ్వు ‘నిప్పులాంటి మనిషి’ కూడా చూసి ఇక్కడ రాయి. లత గారి పాత్ర సంగతి నీ మాటల్లో వినాలని ఉంది.

అమలాపురం అబ్బాయి · మంగళవారం రాత్రి 10:45

తప్పకుండా చూస్తాను బాబాయ్ గారూ. శనివారం మా రూములో నలుగురం కలిసి పెట్టుకుంటున్నాం. ‘స్నేహమే నా జీవితం’ వచ్చినప్పుడు వెనక్కి తిప్పి రెండోసారి వేస్తాం.